బర్రె కడుపు, బయోగ్యాస్ ట్యాంకు: మిగిలిన అన్నం ఎటు పోతోంది?

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. పోయిన ఏడాది నేను ఒక హోటల్‌ని దాదాపు ఐదు వారాలు ఇబ్బంది పెట్టాను. బయటివాళ్లది కాదులెండి, మా బాబాయ్‌దే. సూర్యాపేట దగ్గర, హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన ఉంటుంది. "బాబాయ్, బయోగ్యాస్ పెడదాం, సిలిండర్ల ఖర్చు తగ్గుతుంది" అని నమ్మించి, ఉద్యోగం చేసినప్పుడు దాచుకున్న దాంట్లోంచి లక్షా పదివేలు పెట్టి, హోటల్ వెనకాల ట్యాంకు దించాను. మూడో నెలలో దాన్ని చంపేశాను. పాడుచేశాను అనట్లేదు, చంపేశాను అనే అంటున్నాను. ఎందుకంటే ఆ ట్యాంకు లోపల ఉన్నవి ప్రాణులే.

ఆ కథ చెప్తాను. కానీ నేరుగా అక్కడికి వెళ్తే నేను చేసిన తప్పేంటో సరిగ్గా అర్థం కాదు. ముందు మా అమ్మమ్మ వాళ్ల పెరట్లోకి, ఆ తర్వాత మిర్యాలగూడకి వెళ్లొద్దాం.

మాది కోదాడ. అమ్మమ్మ వాళ్లది కోదాడ పక్కన పల్లె. పెరట్లో ఒక కుడితి గోళెం ఉండేది. మీలో చాలామంది "కుడితిలో పడ్డ ఎలుక" అనే మాట వినే ఉంటారు, కానీ కుడితి చూసినవాళ్లు ఎంతమంది? బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, అన్నీ ఆ గోళెంలోకే. దాంట్లో ఇంత తవుడు కలిపి సాయంత్రం బర్రె ముందు పెట్టేవాళ్లు. పొద్దున్నే పాలు. ఆ ఇంట్లో చెత్తబుట్ట ఉన్నట్టు నాకు అస్సలు గుర్తులేదు. "ఫుడ్ వేస్ట్" అనే మాట అమ్మమ్మకి చెప్తే అదేంటని అడిగేది.

తర్వాత బర్రెను అమ్మేశారు, గోళెం పగిలింది, పాల ప్యాకెట్ వచ్చింది. అన్నం మిగలడం మాత్రం ఆగలేదు. అదే కుడితి ఇప్పుడు నల్ల కవర్‌లో ముడేసి, డైపర్లతో, బ్యాటరీలతో కలిసి ఊరి బయటికి పోతోంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయ్యింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. హోటళ్లలో ఎక్కువేమో అనుకుంటాం, కాదు, మన వంటింట్లోనే. ఇదంతా చెత్తకుప్ప అడుగున గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. అదే మీథేన్‌ని పైపులో పట్టుకుంటే ఇడ్లీ ఉడుకుతుంది. గ్యాస్ ఒకటే, ఎక్కడ తయారైంది అన్నదే తేడా.

సరే, మిర్యాలగూడ.

"అక్కడ ఉండేది రైస్ మిల్లులు కదా, ఫుడ్ వేస్ట్ ఎక్కడిది?" అంటారు. ఒక్క నిమిషం ఆగండి. తిండి తయారయ్యేటప్పుడు పక్కకి పోయేదాన్ని వస్తువుగా మార్చడం మన జిల్లాల్లో ఎవరికైనా బాగా తెలుసంటే అది మిర్యాలగూడకే. 1967 ఆగస్టులో నాగార్జున సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ అంతా వరి అయింది. వరి వచ్చింది కాబట్టి మిల్లులు వచ్చాయి. ఇప్పుడు ఆ ఊళ్లోకి ఏ రోడ్డు మీద నుంచి వెళ్లినా ముందు కనిపించేది పొగ గొట్టాలు, ధాన్యం లారీల లైను.

100 కిలోల వడ్లు మిల్లులో పోస్తే బియ్యం ఎంత వస్తాయి? ప్రభుత్వం మిల్లర్ల దగ్గర తీసుకునే లెక్క పచ్చి బియ్యానికి 67 కిలోలు, ఉప్పుడు బియ్యానికి 68. మిగతా 30 పైచిలుకు కిలోలు ఏమైనట్టు? సుమారు 20 కిలోలు ఊక. ఒక 7, 8 కిలోలు తవుడు. మిగిలింది తేమ, దుమ్ము, రాళ్లు. అంటే మూడో వంతు బరువు మన కంచంలోకి రాదు.

తవుడు సంగతి చూడండి, నాకు చాలా నచ్చిన విషయం ఇది. తవుడులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. గింజ గింజలా ఉన్నంతసేపు ఆ నూనె ఒక పొరలో, లైపేజ్ అనే ఎంజైమ్ ఇంకో పొరలో, ఎవరి గదిలో వాళ్లుంటారు. మిల్లు పట్టగానే గోడలు కూలి ఇద్దరూ కలుస్తారు. కలిసిన నిమిషం నుంచే ఎంజైమ్ నూనెని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లోనే తేడా తెలుస్తుంది, కొన్ని రోజులు వదిలేస్తే ఆ నూనె తినడానికి పనికిరాదు. మన దేశంలో చాలా ఏళ్లు తవుడు నూనె ఎక్కువగా సబ్బులకే వెళ్లడానికి పెద్ద కారణం ఇదే. తవుడు మంచిదే, ఆలస్యమే చెడ్డది.

మరి మిర్యాలగూడకి కలిసొచ్చింది ఏంటంటే, అక్కడ ఉప్పుడు బియ్యం ఎక్కువ. వడ్లని ముందే నానబెట్టి ఆవిరి పడతారు. ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. కాబట్టి ఉప్పుడు బియ్యం తవుడు త్వరగా పాడవదు, పైగా నూనె శాతం కూడా ఎక్కువే. ఆ ఆవిరి ఎక్కడిది? ఊక కాల్చిన బాయిలర్‌ది! వడ్ల మీద పొట్టు కాలి, వడ్ల లోపలి తవుడుని కాపాడుతోంది. ఇంత చక్కటి లూప్ ఎవరూ కూర్చుని డిజైన్ చేయలేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటి ఆర్కిటెక్చర్ గీస్తే మా మేనేజర్ ప్రమోషన్ ఇచ్చేవాడు, బహుశా.

నూనె తీశాక కూడా తవుడు అయిపోదు. శుద్ధి చేసేటప్పుడు మైనం వస్తుంది, లెసిథిన్ వస్తుంది, మందుల షాపులో క్యాప్సూల్‌గా అమ్మే ఒరైజనాల్ వస్తుంది. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఐఐసీటీ, తవుడు నూనెలో జిగురు తీయడానికి ఎంజైమ్ వాడే పద్ధతి తయారుచేసింది. ఒక ఎంజైమ్ పాడుచేసే నూనెని ఇంకో ఎంజైమ్ బాగుచేయడం అన్నమాట. చివరికి నూనె తీసేసిన పొడి తవుడు దాణాలోకి వెళ్తుంది. దానికెంత గిరాకీ అంటే, దాణా ధరలు పెరిగాయని 2023 జూలైలో కేంద్రం దాని ఎగుమతినే ఆపేసింది. వేస్ట్ అనుకున్నదాని ఎగుమతి ఎవరైనా ఆపుతారా?

ఇక ఊక. 20 కిలోల ఊక కాలితే నాలుగు కిలోల దాకా బూడిద మిగులుతుంది. బాగా కాలిన బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. దాన్ని కాస్టిక్ సోడాతో కరిగించి మళ్లీ తెల్లటి పొడిగా పేరేలా చేస్తే టైర్లలో, టూత్‌పేస్టులో వాడే సిలికా అవుతుంది. గుడ్‌ఇయర్ కంపెనీ ఊక బూడిద నుంచి తీసిన సిలికాని టైర్లలో వాడతామని 2014లోనే ప్రకటించింది. సిమెంటులో కలపొచ్చు, మన హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు పక్కనే ఉన్నాయి.

కానీ మిల్లుల పక్కన ఇల్లున్నవాళ్లని అడగండి. బూడిద అంటే వాళ్లకి టైరూ సిమెంటూ గుర్తురాదు, డాబా మీద ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి. వడ్లు నానబెట్టిన నీళ్ల వాసన గుర్తొస్తుంది. బాయిలర్‌లో ఊక సరిగ్గా కాలకపోతే బూడిద నల్లగా, సగం బొగ్గుతో వస్తుంది, దానికి రేటు ఉండదు. రేటు లేనిది రోడ్డు పక్కన పడుతుంది. మరీ ఎక్కువ వేడిలో కాలినా ఇబ్బందే, సిలికా స్ఫటికంగా మారుతుంది, అది ఊపిరితిత్తులకి ప్రమాదం. అందుకే ఎవరైనా "ఊక బంగారం" అని రీల్ చేస్తే నేను వెంటనే షేర్ చేయను. సరిగ్గా కాల్చి, పట్టుకుని, పొడిగా పక్కన పెట్టగలిగినచోట మాత్రమే అది సరుకు.

మిర్యాలగూడకి పని ఎందుకు సులువైందో గమనించారా? మిల్లులోంచి ఊక ఒక గొట్టంలో, తవుడు ఇంకో గొట్టంలో వేరువేరుగా బయటికి వస్తాయి. యంత్రమే వేరుచేస్తుంది. మన ఇంట్లో, హోటల్లో ఆ యంత్రం లేదు. అక్కడ వేరుచేయాల్సింది మనిషి.

ఈ మాట సూర్యాపేటకి ఇరవై ఏళ్ల కిందే తెలుసు. ఇది మా జనరేషన్‌లో చాలామందికి తెలియదు, నాకూ ఈ ఎపిసోడ్ కోసం చదివేదాకా తెలియదు. అప్పటికి సూర్యాపేట జిల్లా కూడా కాలేదు, ఉమ్మడి నల్గొండలో ఒక మున్సిపాలిటీ, జనాభా లక్ష చుట్టుపక్కల. 2003 ప్రాంతంలో ఎస్.ఎ. ఖాదర్ అని ఒక కమిషనర్ ఉండేవారు. వీధుల్లో చెత్తకుండీలు తీసేయించారు. ఇంటింటికీ తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు. ట్రాక్టర్ ఇంటి ముందుకే వస్తుంది. తడిది కంపోస్టుకి, వానపాముల ఎరువుకి. పొడిది అమ్మకానికి. దేశంలో ఎక్కడెక్కడి నుంచో అధికారులు మన సూర్యాపేటకి వచ్చి చూసి వెళ్లారు. చెత్తని ఇంట్లోనే వేరుచేయాలి అని కేంద్రం రూల్స్‌లో గట్టిగా రాసింది 2016లో. అంటే మనవాళ్లు పదమూడేళ్ల ముందే చేసి చూపించారు. రాకెట్ టెక్నాలజీ ఏమీ లేదు, రెండు బుట్టలు, ఒక ట్రాక్టర్, పొద్దున్నే వచ్చే మనుషులు.

ఇప్పుడు నేను హైవే మీద కెమెరా పట్టుకుని నిలబడితే రెండు బుట్టల సంగతి దేవుడెరుగు, సాంబార్ పార్సిల్ కవర్లు గాలికి నా కాళ్లకే చుట్టుకుంటాయి. సరే, ఆ విషయం ఇంకో ఎపిసోడ్.

ఇంకొక్క చోటు చెప్పి బాబాయ్ హోటల్‌కి వచ్చేస్తాను, ఎందుకంటే నేను అక్కడ చూసే ఎగిరిపడ్డాను. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్. అక్కడ మిగిలిపోయిన, నలిగిపోయిన కూరగాయలతో కరెంటు తీస్తున్నారు. టెక్నాలజీ మళ్లీ ఐఐసీటీదే. 2021 జనవరి 31న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా దీని గురించి చెప్పారు: రోజుకి సుమారు 10 టన్నుల వ్యర్థాలు, దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల దాకా బయో ఇంధనం. కరెంటు మార్కెట్ దీపాలకీ నీళ్లకీ, గ్యాస్ అక్కడి క్యాంటీన్ వంటకీ. చూశాక నాకు నిద్రపట్టలేదు. వాళ్లు 10 టన్నులతో చేస్తుంటే, బాబాయ్ హోటల్లో రోజూ 30 కిలోలు పోతోంది కదా, మనం చేయలేమా అని.

అప్పుడు నేను గమనించనిది ఒకటుంది. కూరగాయల మార్కెట్లో చెత్త అంటే కూరగాయలే. టమాటా, క్యాబేజీ, ఆకులు. అంతా ఒకే రకం. పైగా ముందు దాన్ని నూరి, గుజ్జు చేసి, కొలిచి లోపలికి పంపిస్తారు. నేను చూసింది పెద్ద ట్యాంకుని. ముందున్న కొలతని చూడలేదు.

లెక్కలు బాగానే వేశానండీ, బీటెక్ కదా. హోటల్ తడి చెత్త 10 కిలోలకి సుమారు ఒక క్యూబిక్ మీటర్ గ్యాస్ వస్తుంది. ఒక క్యూబిక్ మీటర్ బయోగ్యాస్ అంటే అర కిలోకి కొంచెం తక్కువ ఎల్పీజీతో సమానం. 30 కిలోలు వేస్తే రోజుకి 1.3, 1.4 కిలోల ఎల్పీజీ మిగిలినట్టు. అంటే 19 కిలోల బండ రెండు వారాలకి ఒకటి తగ్గుతుంది. నెలకి రెండు బండలు. మాకు ఒక్కోటి రెండు వేల చుట్టుపక్కల పడేది కాబట్టి నెలకి నాలుగు వేలు. ఎక్సెల్ షీట్ పచ్చరంగులో మెరిసిపోయింది. నాన్న మాత్రం ఆ షీట్ చూసి ఒక్కటే మాట అన్నారు: "ఏసీలో కూర్చునే ఉద్యోగం వదిలి ఎంగిలి మెతుకులు లెక్కపెడుతున్నావా?"

మొదట్లో అంతా బాగానే నడిచింది. పేడ నీళ్లతో మొదలుపెట్టాం, మూడు వారాలకి నీలం మంట వచ్చింది. బాబాయ్ ఆ మంట మీద మొదటి టీ పెట్టి నాకే ఇచ్చాడు. ఆ వీడియోకి మీరు చూపించిన ప్రేమ నాకు ఇంకా గుర్తుంది.

మూడో నెలలో ఒక ఆదివారం. హోటల్ మేడ మీద హాల్లో ఒక ఫంక్షన్. 120 కిలోల అన్నం, పులావు మిగిలిపోయింది. నేను హైదరాబాద్‌లో ఎడిటింగ్‌లో ఉన్నాను. హోటల్ కుర్రాడు ఫోన్ చేసి "అన్నా, ట్యాంకులో వేసేయమంటావా?" అన్నాడు. నేనేమన్నానో చెప్పనా? "వేసేయ్, ఇంకా గ్యాస్ ఎక్కువ వస్తుంది."

నిజంగానే వచ్చింది. మర్నాడు డ్రమ్ము పైకి లేచింది. కానీ వెలిగిస్తే అంటుకోదు. ఫుస్సుమని వస్తుంది, ఆరిపోతుంది. వాసన మామూలు వాసన కాదు, పులిసిపోయిన దోసెల పిండి వాసన. మూడో రోజుకి గ్యాస్ కూడా ఆగిపోయింది. పీహెచ్ పేపర్ పెట్టి చూస్తే ఐదున్నర. ఉండాల్సింది ఏడు దగ్గర.

ఏం జరిగిందంటే, ఆ ట్యాంకులో సూక్ష్మజీవులు ప్రధానంగా రెండు బ్యాచులు. మొదటి బ్యాచ్ అన్నంలో పిండి పదార్థాన్ని విరగ్గొట్టి ఆమ్లాలు చేస్తుంది. వీళ్లు మహా స్పీడు, గంటల్లో పెరుగుతారు. రెండో బ్యాచ్ ఆ ఆమ్లాల్ని తిని మీథేన్ చేస్తుంది. వీళ్లు నెమ్మది, రోజులు పడుతుంది, పైగా పులుపు అస్సలు పడదు. రోజుకి 30 కిలోలు వేస్తే ఇద్దరికీ సరిపోతుంది. ఒకేసారి 120 కిలోల అన్నం కుమ్మరిస్తే మొదటి బ్యాచ్ పండగ చేసుకుంది, పులుపు పెరిగిపోయింది, రెండో బ్యాచ్ పడిపోయింది. డ్రమ్ము లేపింది ఎక్కువగా కార్బన్ డయాక్సైడే, అది మండదు కదా.

ఇది నాకు ఇంటర్నెట్‌లో రెండు రాత్రులు వెతికితే తెలిసింది. హోటల్లో గిన్నెలు తోమే అక్క ఒకామె ఉంది. ఆమెకి రెండు నిమిషాలు పట్టింది. నేను ట్యాంకు పక్కన కూర్చుని పీహెచ్ పేపర్లు చింపుతుంటే వచ్చి, వాసన చూసి అన్నది:

"తమ్మీ, మా బర్రె ఒకపాలి పెండ్లింటికాడ పారవోసిన అన్నం కడుపునిండ తిన్నది. తెల్లారేసరికి పొట్ట డోలు లెక్క ఉబ్బింది, లేవలే. గీ ట్యాంకుకు గూడ గదే అయ్యింది. ఒక్కపారే గంపెడన్నం వోస్తే ఎట్ల అరుగుతది?"

"మరి బర్రె ఏమైందక్కా?"

"డాక్టర్ సారు వచ్చి సోడా నీళ్లు తాపిండు. నాలుగొద్దులు వట్టి గడ్డే ఏసినం. బతికింది."

నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఎందుకంటే ఆమె చెప్పింది అక్షరాలా అదే కెమిస్ట్రీ. బర్రె పెద్ద పొట్టలో ఉన్నది కూడా గాలి లేని ట్యాంకే, అందులోనూ ఇలాంటి సూక్ష్మజీవులే. మనం ట్యాంకు మొదలుపెట్టేటప్పుడు పేడ వేసేది ఎందుకు మరి? బర్రె కడుపులోంచి ఆ బ్యాచుల్ని అప్పు తెచ్చుకోవడానికే. ఎక్కువ అన్నం తింటే బర్రె కడుపు పులిసిపోతుంది, పశువుల డాక్టర్లు బైకార్బనేట్ ఇస్తారు. అమ్మమ్మ గోళెంలో అంతా కలిపినా బర్రెకి ఎంత పెట్టాలో కొలిచే పెట్టేది. నేను లక్షా పదివేలు పెట్టి బర్రెను కొన్నాను, మేపడం మాత్రం నేర్చుకోలేదు.

తర్వాత ఐదు వారాలు అక్క చెప్పినట్టే వైద్యం. ముందు మేత బంద్. కొంచెం పులుపు నీళ్లు బయటికి తీసేశాం. సున్నపు తేట రోజూ కొద్దికొద్దిగా, పీహెచ్ చూసుకుంటూ పోశాం, ఒకేసారి పోస్తే అదో ప్రమాదం. తాజా పేడ నీళ్లు. పీహెచ్ ఆరున్నర దాటాక రోజుకి రెండు కిలోలు, తర్వాత ఐదు, తర్వాత పది. ఆ రోజులన్నీ బాబాయ్ మళ్లీ పూర్తిగా సిలిండర్ మీదే. ఒక్క మాట అనలేదు, ఒకసారి తప్ప: "నీకేమో వీడియో దొరికింది, నాకు బండ దొరకాలి కదరా."

ఇప్పుడు నడుస్తోంది. ఎలా నడుస్తోందో చెప్తాను, ఎవరైనా హోటల్ వాళ్లు చూస్తుంటే పనికొస్తుంది. సింకు దగ్గర మూడు బకెట్లు. ఒకటి అన్నం, ఇడ్లీ, దోసె, అంటే పిండి పదార్థం. రెండోది కూరగాయల తొక్కలు, మిగిలిన కూరలు. మూడోది ట్యాంకుకి వెళ్లకూడనివి: ఎముకలు, గుడ్డు పెంకులు, కొబ్బరి పీచు, నిమ్మచెక్కలు, టిష్యూలు, చట్నీ కవర్లు. అన్నం బకెట్ రోజుకి ఒకటే. ఎక్కువ మిగిలితే ట్యాంకులోకి కాదు, చుట్టుపక్కల బర్రెలున్న వాళ్లకి కబురు, అది కూడా తాజాగా ఉంటేనే, వాళ్లు కూడా కొద్దికొద్దిగా కలుపుకోవాలని చెప్పి మరీ ఇస్తాం. ఫంక్షన్‌లో ముట్టుకోని అన్నమైతే అసలు చెత్త లిస్టులోకే రాకూడదు, రాత్రి వేడిగా ఉన్నప్పుడే మనుషులకి పంచేస్తున్నాం. అన్నిటికంటే మంచి బయో ప్రొడక్ట్ అదే, జోక్ కాదు.

ట్యాంకు నుంచి బయటికొచ్చే నల్లటి నీళ్లు ఒక రైతు తీసుకెళ్తున్నారు. నీళ్లు కలిపి కూరగాయల మడులకి పోస్తారు.

నూనె సంగతి కూడా చెప్పాలి, హైవే హోటళ్లలో అసలు గొడవ అదే. పూరీలు, బజ్జీలు వేగించిన నూనె నల్లబడ్డాక ఏం చేస్తున్నారు? ట్యాంకులో పోస్తే పైన తెట్టు కట్టి ఇంకో రోగం. మోరీలో పోస్తే జామ్. బండి మీద బజ్జీలేసే వాళ్లకి చవగ్గా అమ్మితే అది మళ్లీ మన కడుపులోకే. ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ ఏంటంటే, నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనేవి 25 శాతం దాటితే ఇక ఆ నూనె వంటకి వాడకూడదు. 2018 జూలై నుంచి అది అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టు 10న, బయో ఇంధనాల దినం రోజు, వాడిన నూనెని సేకరించి బయోడీజిల్ చేయడానికి రూకో అనే కార్యక్రమం మొదలుపెట్టారు. రోజుకి 50 లీటర్ల కంటే ఎక్కువ నూనె వాడే హోటళ్లు రికార్డు రాసిపెట్టాలి. బయోడీజిల్ చేయడం పెద్ద కథేం కాదు: నూనెకి మిథనాల్, కొంచెం కాస్టిక్ కలిపితే డీజిల్ పైకి, గ్లిసరిన్ కిందికి. కానీ ఇంట్లో చేయకండి, మిథనాల్ విషం, పైగా అంటుకుంటుంది. బాబాయ్ రోజుకి 50 లీటర్లు వాడడు. అయినా ఇప్పుడు క్యాన్లలో పోసి, తేదీ రాసి, పక్కన పెడుతున్నాం. నీళ్లు కలవనివ్వం. తీసుకెళ్లేవాళ్లు ముందు చూసేది అదే.

ఇంకోటి, మీరు తప్పకుండా అడుగుతారు కాబట్టి: బయో ఎంజైమ్. మన నల్గొండ వైపు బత్తాయి ఎక్కువ, జ్యూస్ బండ్ల దగ్గర తొక్కల గుట్టలు. మూడు పాళ్లు తొక్కలు, ఒక పాలు బెల్లం, పది పాళ్లు నీళ్లు, మూడు నెలలు. చేసుకోండి, బాగుంటుంది, గచ్చు తుడవడానికి, సింకు కడగడానికి పనికొస్తుంది. పులుపు నీళ్లు కదా, జిడ్డు వదులుతుంది. మొదటి నెల రోజూ మూత తీసి గ్యాస్ వదలండి, లేకపోతే సీసా పేలుతుంది, మా అమ్మ వంటింటి గోడ సాక్షి. కానీ అది తాగితే రోగాలు పోతాయి, చెరువులు శుభ్రమవుతాయి అనే వీడియోలు కనిపిస్తే పైకి తోసేయండి.

చివరిగా డబ్బుల లెక్క, ఎందుకంటే మొదట్లో నేను చూపించిన ఎక్సెల్ అబద్ధం అయింది. ఇప్పుడు ట్యాంకుకి సగటున రోజుకి 25 కిలోలే వెళ్తోంది. నెలకి రెండు బండలు కాదు, ఒకటిన్నర మిగులుతోంది అనుకోండి, మూడు వేలు. అందులో వెయ్యి ఆ అక్కకి జీతంలో కలిపాం. నేను అడిగితే బాబాయ్ మొదట ఒప్పుకోలేదు, "బకెట్లు మార్చినందుకు వెయ్యా?" అన్నాడు. బకెట్లు మార్చకపోతే ఐదు వారాలు ఏమైందో గుర్తుచేశాను. ఒప్పుకున్నాడు. ఇక నికరం రెండు వేలు. ఆ లెక్కన నా లక్షా పదివేలు తిరిగి రావడానికి నాలుగున్నరేళ్ల పైనే పడుతుంది. ఎవరైనా మీకు "ఏడాదిలో పెట్టుబడి వచ్చేస్తుంది" అని ఇలాంటి ప్లాంటు అమ్మితే, రోజూ బకెట్ ఎవరు పట్టుకుంటారు, వాళ్లకి ఎంత ఇస్తారు అని అడగండి. ఆ గడి వాళ్ల ఎక్సెల్‌లో ఉందో లేదో చూడండి. నా దాంట్లో లేదు.

నాన్నకి ఈ కొత్త షీట్ కూడా చూపించాను. నాలుగున్నరేళ్లా అని నవ్వారు. కానీ పోయిన వారం సూర్యాపేట వచ్చినప్పుడు ఎవరూ చూడట్లేదు అనుకుని ట్యాంకు వెనక్కి వెళ్లి, డ్రమ్ము ఎంత లేచిందో వేళ్లతో కొలుస్తున్నారు. నేను షూట్ చేశాను, స్క్రీన్ మీద వేస్తున్నాను చూడండి. ఆయనకి చెప్పకండి.

వచ్చే ఎపిసోడ్‌లో మిర్యాలగూడలో తవుడు నూనె తీసే చోటికి వెళ్దాం, లోపలికి కెమెరా రానిస్తే. ఈలోపు మీ హాస్టల్ మెస్‌లోనో, మీ ఊరి ఫంక్షన్ హాల్లోనో మిగిలిన అన్నం ఎటు పోతోందో ఒకసారి వెనక గుమ్మం నుంచి చూసి నాకు రాయండి. ఆదివారం కదా, ఇక్కడ మేడ మీద మళ్లీ ఫంక్షన్ ఉంది, నేను వెళ్లి ఆ అన్నం సంగతి చూడాలి. ఉంటానండీ.